జోకర్‌కి ఆస్కార్ జాలితో ఇచ్చిందేనా?

సినిమా ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే నటుడి గురించి. బ్యాట్‌మన్ సినిమా 'ద డార్క్ నైట్'లో జోకర్ అనే విలన్ వేషం వేసిన హీత్ లెడ్జర్ 2008 జనవరి 22న న్యూయార్క్‌లో 28 ఏళ్ల వయసులో చనిపోయాడు. సినిమా అదే ఏడాది జులైలో విడుదలైంది. 2009 ఫిబ్రవరి 22న ఉత్తమ సహాయ నటుడి ఆస్కార్ అతని పేరున ప్రకటించారు. అందుకే ఈ సంచికలో శీర్షిక మొత్తం ఆ ఉత్తరాలకే.

ప్రశ్న: నమస్కారమండీ. మా స్నేహితుల మధ్య ఇది ఎప్పటికీ తెగని గొడవ. చచ్చినవాడి కళ్లు చారెడు అంటారు కదా, ఈ ఆస్కార్ కూడా అలాంటిదేనని నా వాదన. బతికుంటే లెడ్జర్‌కి వచ్చేదా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: సామెత బాగానే కుదిరింది కానీ ఆస్కార్‌లు ఇచ్చే అకాడమీ చరిత్ర మీ పక్షాన సాక్ష్యం చెప్పదండీ. చనిపోయాక నటనకు నామినేషన్ వచ్చినవాళ్లను వరసగా చూడండి. జేమ్స్ డీన్ 1955లో 24 ఏళ్లకే కారు ప్రమాదంలో పోయాడు. అమెరికా అంతా ఏడ్చింది. 'ఈస్ట్ ఆఫ్ ఈడెన్'కి ఒకసారి, 'జెయింట్'కి మరోసారి నామినేషన్ వచ్చింది. రెండుసార్లూ ఓడిపోయాడు, మొదట ఎర్నెస్ట్ బోర్గ్‌నైన్ చేతిలో, తర్వాత యూల్ బ్రిన్నర్ చేతిలో. స్పెన్సర్ ట్రేసీ తన ఆఖరి సినిమా షూటింగ్ ముగిసిన కొద్ది రోజులకే పోయాడు, అవార్డు రాడ్ స్టైగర్‌కి వెళ్లింది. 'ఇల్ పోస్తినో' కోసం గుండెజబ్బుతోనే పనిచేసి, షూటింగ్ పూర్తి కాగానే కన్నుమూసిన ఇటలీ నటుడు మాసిమో ట్రొయిసి కథ వింటే రాయి కూడా కరుగుతుంది. ఓటర్లు మాత్రం నికొలస్ కేజ్ వైపు వెళ్లారు. బ్రిటిష్ నటుడు రాల్ఫ్ రిచర్డ్‌సన్‌దీ అదే దారి.

2021 సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అప్పటికే చనిపోయిన చాడ్విక్ బోస్‌మన్‌కే వస్తుందని అందరూ ఎంత గట్టిగా అనుకున్నారంటే, ఆ ఏడు కార్యక్రమంలో ఉత్తమ నటుడి అవార్డును ఏకంగా చివరికి జరిపారు. కవరు విప్పితే ఆంథనీ హాప్‌కిన్స్ పేరుంది, ఆయనేమో హాల్లోనే లేడు. జాలి అన్నది గెలిపించే మంత్రమైతే ఇంతమంది ఓడకూడదు. నటనలో మరణానంతరం గెలిచినవాళ్లు ఇప్పటికి ఇద్దరే: 'నెట్‌వర్క్'కి పీటర్ ఫించ్, తర్వాత లెడ్జర్.

జాలి ఓటు అని అనుమానపడాలంటే నేనైతే ఫించ్ గెలుపు మీద పడతాను. ఆయన 1977 జనవరి 14న పోయాడు, మార్చి 28న అవార్డు ఇచ్చారు. మధ్యలో పది వారాలే. ఓడినవాళ్లలో 'టాక్సీ డ్రైవర్' రాబర్ట్ డి నీరో ఉన్నాడు. లెడ్జర్ విషయంలో మరణానికీ అవార్డుకీ మధ్య పదమూడు నెలలు. అందులో ఏడు నెలలు సినిమా జనం ముందే ఉంది, కళ్లు తుడుచుకుని రెండోసారి చూసి మాట్లాడుకునే వ్యవధి అందరికీ దొరికింది.

పోటీదారులు ఎవరో కూడా చూడాలి. 'మిల్క్'లో జోష్ బ్రోలిన్, 'ట్రాపిక్ థండర్'లో రాబర్ట్ డౌనీ జూనియర్, 'డౌట్'లో ఫిలిప్ సేమూర్ హాఫ్‌మన్, 'రివల్యూషనరీ రోడ్'లో మైకేల్ షానన్. హాఫ్‌మన్‌కి అప్పటికే ఒక ఆస్కార్ ఉంది. అది 2006లో 'కపోటీ'కి వచ్చింది, ఆ రోజు ఓడినవాళ్లలో 'బ్రోక్‌బ్యాక్ మౌంటెన్' హీత్ లెడ్జర్ ఒకడు! పైగా 'డౌట్'లో హాఫ్‌మన్‌ది దాదాపు నాయక పాత్ర, దాన్ని సహాయ పాత్రల్లో నిలబెట్టడమే నాకు నచ్చదు. డౌనీది హాస్యం, హాస్యానికి ఈ అవార్డు ఇవ్వడానికి అకాడమీ చెయ్యి ఎప్పుడూ వణుకుతుంది. నా లెక్కలో లెడ్జర్‌కి నిజమైన పోటీ షానన్. కనిపించేది కాసేపే అయినా ఇంటికొచ్చి అందరి ముసుగులూ లాగేసి పోతాడు. అయినా షానన్ పాత్ర తీసేస్తే ఆ సినిమా కొంత చప్పబడుతుందంతే, జోకర్‌ని తీసేస్తే 'ద డార్క్ నైట్' అసలు కదలదు.

ఇంకొకటి. గాలి లెడ్జర్‌కి ఎదురుగానే వీచింది. కామిక్ పుస్తకాల సినిమాలంటే అకాడమీకి అప్పట్లో చిన్నచూపు. 1989లో జాక్ నికల్సన్ అంతటివాడు ఇదే జోకర్ వేస్తే కనీసం నామినేషన్ కూడా ఇవ్వలేదు. 'ద డార్క్ నైట్'కి ఎనిమిది నామినేషన్లు వచ్చినా వాటిలో ఉత్తమ చిత్రం లేదు, దర్శకుడు క్రిస్టఫర్ నోలన్ పేరూ లేదు. గెలిచినవి రెండే, లెడ్జర్‌దీ సౌండ్ ఎడిటింగూ.

మరి చావు ప్రభావం ఏమీ లేదా? ఉంది, దాన్ని దాచను. వయసులో చిన్నవాడైన నటుడికి "ఇంకా బోలెడు కెరీర్ ఉంది, తర్వాత ఇద్దాంలే" అనే అలవాటు ఓటర్లలో ఉంటుంది. లెడ్జర్ విషయంలో ఆ "తర్వాత" లేదు. బతికుంటే 2009లోనే గెలిచేవాడా, ఇంకో సినిమాదాకా ఆగాల్సి వచ్చేదా అన్నంతవరకే మీ అనుమానానికి చోటుంది. అర్హత దగ్గర లేదు.

ప్రశ్న: ఆస్కార్ జ్యూరీలో ఎంతమంది ఉంటారు? వాళ్లు కూర్చుని "పాపం, ఇతనికి ఇద్దాం" అనుకునే వీలుందా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మన జాతీయ అవార్డుల్లా ఒక గదిలో కూర్చుని చర్చించే జ్యూరీ అక్కడ లేదమ్మా. 2009లో ఓటున్న సభ్యులు దాదాపు 5,800 మంది. నామినేషన్ దశలో నటన విభాగాలకు నటుల శాఖ సభ్యులే ఓటేస్తారు, వాళ్లు వెయ్యికి పైచిలుకు. ఒక్కొక్కరు తమకు నచ్చిన అయిదుగురిని వరసక్రమంలో రాస్తారు. లెక్క ఇలా ఉంటుంది: వచ్చిన ఓట్లను ఆరుతో భాగించి ఒకటి కలుపుతారు. 1,200 బ్యాలెట్లు వచ్చాయనుకోండి, 201 మంది మొదటి స్థానంలో రాసిన నటుడు నామినేషన్ దాటినట్టే. అందరికీ ఓ మోస్తరుగా నచ్చిన నటుడికంటే కొందరికి విపరీతంగా నచ్చిన నటుడు ఈ పద్ధతిలో ముందుంటాడు.

ఆఖరి దశ సూటిగా ఉంటుంది. సభ్యులంతా తలా ఒక్క ఓటు వేస్తారు, ఎక్కువ ఎవరికి వస్తే వారు గెలిచినట్టు. ఎవరికి ఎన్ని వచ్చాయో ఎప్పటికీ చెప్పరు. కాబట్టి "బ్రహ్మాండమైన మెజారిటీ" అని ఎక్కడైనా చదివితే అది రాసినవాళ్ల ఊహే.

కూడబలుక్కునే వీలే లేకపోతే మిగతా అవార్డులూ అతనికే ఎలా వచ్చాయి అని కూడా అడగొచ్చు మీరు. అప్పట్లో గోల్డెన్ గ్లోబ్ ఇచ్చేది విదేశీ పాత్రికేయులు, స్క్రీన్ యాక్టర్స్ గిల్డ్‌ది పూర్తిగా నటుల ఓటు, బాఫ్టా బ్రిటన్ సినిమా అవార్డు. ముగ్గురూ లెడ్జర్‌నే ఎంచుకున్నారు. అదంతా ఒకే జాలి అల అనేవాళ్లూ ఉన్నారు, ఆ వాదనను పూర్తిగా కొట్టేయలేం.

ప్రశ్న: రెండున్నర గంటల సినిమాలో అతను కనపడేది అరగంటే. అరగంటకి ఆస్కారా? పైగా సినిమా అంతా జోకర్‌దే అంటారు, మరి సహాయ నటుడెలా అయ్యాడు?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: 152 నిమిషాల సినిమాలో దాదాపు 33 నిమిషాలు. సహాయ పాత్రకు అది తక్కువేమీ కాదు. నాయక పాత్రా సహాయ పాత్రా అని తేల్చడానికి నిమిషాల కొలబద్ద అకాడమీలో లేదు. స్టూడియో ఒక విభాగం పేరుతో ప్రచారం చేస్తుంది, చివరి మాట ఓటర్లది. అదే ఏడాది కేట్ విన్‌స్లెట్‌ని చూడండి. 'ద రీడర్'కి ఆమె గోల్డెన్ గ్లోబ్ తీసుకున్నది సహాయ నటిగా. ఆస్కార్ ఓటర్లు "కాదు, ఇది నాయిక పాత్రే" అని అటు మార్చి, ఉత్తమ నటిగా గెలిపించారు. జోకర్‌ని అలా మార్చలేదు. అది సరైనదే, ఎందుకంటే ఆ కథలో మారేది బ్యాట్‌మన్ అయిన బ్రూస్ వేన్, ప్రభుత్వ న్యాయవాది హార్వీ డెంట్. జోకర్ మొదటినుంచి చివరిదాకా అలాగే ఉండి వాళ్లను మారుస్తాడు.

అక్కడ విలన్‌కి విడిగా అవార్డు లేదు. మన ఫిల్మ్‌ఫేర్ హిందీ అవార్డుల్లో 1992 నుంచి 2007 వరకు ప్రతికూల పాత్రకు ఒక విభాగం ఉండేది. ఆస్కార్‌లో విలన్ మంచివాళ్లతోనే పోటీ పడాలి. అయినా వరసగా మూడేళ్లు, 2008లో హావియర్ బార్దెమ్, 2009లో లెడ్జర్, 2010లో క్రిస్టఫ్ వాల్ట్జ్, సహాయ నటుడి ఆస్కార్ విలన్లకే పోయింది. ముందూ వెనకా ఉన్న ఇద్దరూ బతికున్నవాళ్లే.

ప్రశ్న: నేను పరిషత్తు నాటకాల్లో ప్రతినాయక పాత్రలు వేస్తుంటాను. లెడ్జర్ నటనలో గొప్పేమిటో విడమరిచి చెప్పండి. మేము వాడుకోదగ్గది ఏమైనా ఉందా?
– ఒక రంగస్థల నటుడు, తెనాలి

జవాబు: అన్నిటికంటే నాకిష్టమైన ఉత్తరం ఇది. గొంతుతో మొదలుపెడదాం. జోకర్ గొంతు కోసం లండన్‌లో ఒక హోటల్ గదిలో దాదాపు నెలరోజులు ఒంటరిగా కూర్చుని రకరకాలుగా ప్రయత్నించానని లెడ్జర్ చెప్పాడు. ఫలితం తెరమీద వినండి. ఒకే వాక్యంలో గొంతు ముక్కులోంచి పైకి లేస్తుంది, ఉన్నట్టుండి ఛాతీలోకి పడిపోతుంది. ఎక్కడ పడుతుందో మనం ముందుగా పసిగట్టలేం, అక్కడుంది భయం. మీరు సాధన చేసేటప్పుడు పదిమాటల డైలాగ్ తీసుకుని, ఒక్క మాట దగ్గరే స్థాయి మార్చండి. రేపు ఇంకో మాట దగ్గర. సాధారణంగా జరిగే పొరపాటు ప్రతి వాక్యం చివరా ఒకేలా దించడం. నాలుగో డైలాగ్‌కే ప్రేక్షకుడికి బాణీ తెలిసిపోతుంది. రెండో ప్రమాదం మీ వేదికకే ప్రత్యేకం: స్థాయి దించినప్పుడు శబ్దం కూడా దిగిపోతుంది, వేలాడే మైకు ఆ చివరి మాట అందుకోదు. గొంతు కిందికి వెళ్లినా ఊపిరి బలం తగ్గనివ్వకండి.

ఇక ఆ పెదవులు నాకడం. నోటి పక్కన గాయాల మచ్చలు సిలికాన్ ముక్కలు, మొత్తం మూడు. మాట్లాడుతుంటే అవి వదులవుతాయి కాబట్టి నాలుకతో సర్దుకోవడం మొదలై, అదే పాత్ర అలవాటైందని అంటారు. ఎలా మొదలైనా, చూసేవాడికి మాత్రం పాత మానని గాయాన్ని తడుముకుంటున్న మనిషి కనపడతాడు. పాత్రకు ఏదైనా మేనరిజం పెడితే దానికి శరీరంలో ఒక కారణం వెతుక్కోండి. కారణం లేకుండా కనుబొమ్మ ఎగరేస్తే అది మిమిక్రీ అవుతుంది. ఎదుటి నటుడి డైలాగ్ మీద మాత్రం దాన్ని వాడకండి, సన్నివేశం చెడుతుంది, స్నేహమూ చెడుతుంది.

మచ్చల కథ రెండుసార్లు వస్తుంది చూశారా? గాంబల్ అనే రౌడీకి కత్తి నోట్లో పెట్టి, తాగుబోతు తండ్రి చేశాడంటాడు. విందులో బ్రూస్ వేన్ స్నేహితురాలు రేచల్‌తో, భార్య కోసం తనే కోసుకున్నానంటాడు. రెండూ నిజం కావడం కుదరదు. అయినా లెడ్జర్ ఏ ఒక్కదాన్నీ అబద్ధంలా చెప్పడు. మొదటిదాంట్లో కసి, రెండోదాంట్లో నిజమైన దిగులు. మామూలు నటుడైతే రెండోసారి ఓరగా నవ్వి "నేను ఆడుకుంటున్నాను సుమా" అని ప్రేక్షకుడికి సైగ చేస్తాడు. ఆ సైగతో పాత్ర చచ్చిపోతుంది. అబద్ధమని కనిపెట్టే పని ప్రేక్షకుడికే వదిలేయాలి. అవార్డు ఎందుకిచ్చారని ఎవరైనా అడిగితే నేను ఈ రెండు సన్నివేశాలూ పక్కపక్కన పెట్టి చూడమంటాను.

పోలీస్ స్టేషన్ విచారణ సన్నివేశాన్ని ఒకసారి శబ్దం ఆపేసి చూడండి. దెబ్బలు కొట్టేవాడు బ్యాట్‌మన్, తినేవాడు జోకర్. కానీ కంగారంతా కొట్టేవాడిలో ఉంటుంది. దెబ్బ పడ్డాక జోకర్ నవ్వుతాడు, ఆ నవ్వుతో గదిలో అధికారం చేతులు మారుతుంది. నిజంగానే కొట్టమని లెడ్జర్ అడిగేవాడని క్రిస్టియన్ బేల్ చెప్పాడు. దయచేసి మీరు ఆ పని చేయకండి. సినిమాలో టేకు ఆపొచ్చు, నాటకంలో దవడ వాస్తే రెండో రంగం ఎవరు ఆడతారు? అన్నట్టు, వికటాట్టహాసం గురించి. జోకర్ అనుకున్నంత ఎక్కువగా నవ్వడు. రౌడీల సమావేశంలోకి వచ్చేటప్పటిది ఎండిపోయిన, బలవంతపు నవ్వు. దెబ్బలు తిన్నప్పుడూ, చివర ఎత్తునుంచి పడిపోతున్నప్పుడూ మాత్రమే మనస్ఫూర్తిగా నవ్వుతాడు. మన రంగస్థలం మీద విలన్ ప్రవేశంతోనే నవ్వేస్తాడు, ఇక తర్వాత దాచుకోవడానికి ఏమీ మిగలదు.

మేకప్ అడిగే ఉంటారు లోపల్లోపల. మేకప్ మనిషి జాన్ కాగ్లియోన్ తెల్లరంగు పూసేటప్పుడు లెడ్జర్ నుదురు, కళ్లు గట్టిగా ముడిచేవాడు. ముడతల మీద రంగు పూసి ముఖం వదిలేస్తే, మడతల్లో రంగు అంటని చర్మం గీతలుగా బయటపడుతుంది. పగుళ్లు గీయక్కర్లేదు, అవే వస్తాయి. పాన్‌కేక్ మేకప్‌తో మీరూ చేయొచ్చు. రంగు మరీ మందంగా వేస్తే మడతల్లోకీ జారి గీతలు మూసుకుపోతాయి, పలచగా ఒక పూత చాలు. కళ్ల చుట్టూ నలుపు పెట్టేటప్పుడు రెప్పల అంచు వదిలేయండి, లేకపోతే పదో వరస వాళ్లకు రెండు గుంటలు తప్ప చూపు కనపడదు.

ప్రశ్న: జోకర్ పాత్రలో మునిగిపోయి, అందులోంచి బయటికి రాలేకే చనిపోయాడట కదా? ఆస్పత్రి పేలే సీన్‌లో బాంబు ఆలస్యమైతే అప్పటికప్పుడు నటించేశాడట కదా?
– ఒక విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: రెండూ జనం ప్రేమతో అల్లుకున్నవే. వైద్య పరీక్షలో తేలింది, డాక్టర్లు రాసిచ్చే నొప్పి మందులు, నిద్ర మందులు, ఆందోళన తగ్గించే మందులు ఆరు రకాలు ఒంట్లో కలిసి ప్రాణం తీశాయని. ప్రమాదవశాత్తు అని అధికారికంగా ప్రకటించారు. అప్పటికి జోకర్ షూటింగ్ ముగిసి రెండు నెలలు దాటింది, లెడ్జర్ దర్శకుడు టెరీ గిలియమ్ సినిమాలో ఇంకో వేషం వేస్తున్నాడు. నిద్ర పట్టడం లేదని ఒక ఇంటర్వ్యూలో చెప్పిన మాట నిజమే. కానీ ఆ పాత్రను అతను సరదాగా చేశాడని, దిగులుపడలేదని అతని అక్క తర్వాత స్పష్టంగా చెప్పింది. పాత్ర చంపిందనే మాట నటుడికి పొగడ్త కూడా కాదు, అతని పనితనాన్ని జబ్బుగా మార్చేస్తుంది.

ఆస్పత్రి సీన్ షికాగోలో పాత మిఠాయి ఫ్యాక్టరీ భవనాన్ని నిజంగా కూల్చి తీశారు. ఒక్కసారే పేల్చగలరు, రెండో టేకు లేదు. అలాంటిచోట మధ్యలో వచ్చే ఆ విరామాన్ని ముందే అనుకుని రిహార్సల్ చేశారు. అప్పటికప్పుడు కల్పించింది కావాలంటే, పోలీసు అధికారి గోర్డన్‌కి పదోన్నతి వచ్చినప్పుడు లాకప్‌లో కూర్చుని నెమ్మదిగా చప్పట్లు కొట్టే చోటును చూపిస్తారు.

ప్రశ్న: మన దగ్గర ఇలా ఎవరికైనా ఇచ్చారా?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: శ్రీదేవి 2018 ఫిబ్రవరిలో పోయారు, రెండు నెలలు తిరగకుండానే 'మామ్'కి జాతీయ ఉత్తమ నటి అవార్డు ప్రకటించారు. జ్యూరీకి అధ్యక్షుడు శేఖర్ కపూర్. పోయారన్న కారణంతో ఇవ్వొద్దు, మిగతా నటీమణులకు అన్యాయమవుతుందని తానే వాదించి, పదేపదే ఓటింగ్ పెట్టించానని, ప్రతిసారీ ఆమె పేరే వచ్చిందని ఆయన చెప్పారు. అధ్యక్షుడే అలా తూకం వేసి చూపడం నాకు నచ్చింది. కాకపోతే 'మామ్'లో ఆమెది విలన్ పాత్ర కాదు.

విలన్‌కి పెద్ద గౌరవం కావాలంటే మన ఎస్.వి.రంగారావు ఉన్నారు. 'నర్తనశాల'లో కీచకుడికి జకార్తా ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడిగా ఎంపికయ్యారు, అదీ నిండుగా బతికుండగానే. కీచకుడు సినిమా ముగియకముందే పోతాడు, అయినా నిమిషాలు లెక్కపెట్టి ఇదేమిటని ఎవరూ అడగలేదు.

ప్రశ్న: ఆ ఆస్కార్ బొమ్మ ఇప్పుడు ఎవరిది?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: వేదిక మీద తీసుకున్నది తండ్రి కిమ్, తల్లి శాలీ, అక్క కేట్. హక్కు మాత్రం కూతురు మటిల్డాది. అప్పటికి ఆ పాపకి మూడేళ్లు. గెలిచిన ప్రతివారూ బొమ్మను అమ్మదలిస్తే ముందుగా అకాడమీకే ఒక డాలరుకి ఇవ్వజూపుతామని సంతకం చేయాలి. మూడేళ్ల పిల్ల సంతకం చెల్లదు కాబట్టి, 18 నిండేదాకా తల్లి మిషెల్ విలియమ్స్ సంరక్షణలో ఉండేలా ఏర్పాటు చేశారు. మటిల్డాకి 2023 అక్టోబరులో 18 నిండాయి.